కంచరపాలెం నుంచి ప్రపంచ వారసత్వ స్థలాలకు

ప్రపంచ వారసత్వ స్థలం అంటే, ఏ దేశంలో ఉన్నా మానవాళి మొత్తం కాపాడుకోవాల్సిన ఆస్తి అని యునెస్కో గుర్తించిన చోటు. అది గుడి కావచ్చు, అడవి కావచ్చు, మూతపడిన ఉక్కు కర్మాగారం కూడా కావచ్చు. 1972 నవంబరు 16న పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ఈ ఏర్పాటుకు ఆధారం. భారతదేశం అందులో 1977లో చేరింది. 1978లో తొలి విడతగా 12 స్థలాలను ప్రకటించారు. 2025 జూలై నాటికి ఆ సంఖ్య 170 దేశాల్లో 1,248కి పెరిగింది. వాటిలో 972 సాంస్కృతిక స్థలాలు, 235 ప్రకృతి సంపదలు, 41 రెండు లక్షణాలూ ఉన్నవి. మన దేశానివి 44. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఒక్కటీ లేదు.

ఈ లోటు బాధ కలిగించేదే. అయితే జాబితాలోని చాలా స్థలాలకూ మన తూర్పు తీరానికీ పాత చుట్టరికం ఉంది. కొన్నింటికి రాయి వల్ల, కొన్నింటికి రాజుల వల్ల, మరికొన్నింటికి ఓడెక్కి వెళ్ళిన కూలీల వల్ల ఆ బంధం ఏర్పడింది. యాత్రల పుస్తకాలు తాజ్‌మహల్‌తో మొదలుపెట్టి పిరమిడ్ల మీదుగా మాచుపిచ్చుకు తీసుకుపోతాయి. ఈ వ్యాసం విశాఖపట్నంలోని కంచరపాలెం నుంచి బయల్దేరుతుంది. రైల్వే ఉద్యోగులు, ఫ్యాక్టరీ కార్మికులు, రేవు కూలీలు, బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు కలిసి పెరిగిన పేట ఇది. ఇక్కడివారు తమ బతుకుతో, తమ నేలతో పోల్చి చూసుకోగల స్థలాలకే ఇందులో ఎక్కువ చోటు దక్కింది.

జాబితాలోకి ఎక్కే దారి

ముందుగా ఏ దేశానికి ఆ దేశం తన తాత్కాలిక జాబితాను యునెస్కోకు ఇవ్వాలి. అందులో కనీసం ఏడాది పాటు ఉన్న స్థలానికే పూర్తి ప్రతిపాదన పంపే వీలుంటుంది. మొత్తం పది ప్రమాణాలున్నాయి. వాటిలో ఆరు మనిషి సృష్టికి, నాలుగు ప్రకృతికి వర్తిస్తాయి. కనీసం ఒక్కదానికైనా సరిపోవాలి. దాంతోపాటు ఆ స్థలం చెక్కుచెదరకుండా ఉందనీ, కాపాడే చట్టం, సరిహద్దులు, సిబ్బంది ఉన్నాయనీ రుజువు చేయాలి. కట్టడాలైతే ఐకోమోస్, ప్రకృతి సంపదలైతే ఐయూసీఎన్ అనే సంస్థల నిపుణులు పరిశీలిస్తారు. తుది నిర్ణయం 21 దేశాల ప్రతినిధులున్న కమిటీది.

గుర్తింపు వస్తే యునెస్కో ఆ స్థలాన్ని తన చేతుల్లోకి తీసుకుంటుందనీ, కోట్లు కుమ్మరిస్తుందనీ చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ ఉండదు. యాజమాన్యం, ఖర్చు, బాధ్యత అన్నీ ఆ దేశానివే. ఇచ్చిన మాట తప్పితే పేరు కొట్టేస్తారు కూడా. ఒమన్‌లోని అరేబియన్ ఒరిక్స్ అభయారణ్యం 2007లో, జర్మనీలోని డ్రెస్డెన్ ఎల్బ్ లోయ 2009లో, ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు ప్రాంతం 2021లో జాబితా నుంచి పోయాయి. పాత రేవు ఒడ్డున కొత్త భవనాలు లేవడమే లివర్‌పూల్‌కు చేటు తెచ్చింది. రేవు పట్టణంలో ఉండేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

కోణార్క్: మన కొండల రాయి, మన రాజుల గుడి

విశాఖ నుంచి మొదటి ప్రయాణం కోణార్క్ సూర్యదేవాలయానికే కావాలి. భువనేశ్వర్ దాకా రైలు, అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు 65 కిలోమీటర్లు. పూరీ నుంచైతే 35. 1984లో ఇది జాబితాకెక్కింది. 13వ శతాబ్ది నడుమ, తూర్పు గంగ వంశానికి చెందిన మొదటి నరసింహదేవుడు దీన్ని కట్టించాడు.

ఒడిశా రాజులుగా మనం చెప్పుకునే ఈ గంగుల తొలి రాజధాని కళింగనగరం. అదే శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న నేటి ముఖలింగమని చరిత్రకారులు గుర్తించారు. 1078లో సింహాసనమెక్కిన అనంతవర్మ చోడగంగదేవుడు రాజ్యాన్ని ఉత్తరానికి విస్తరించి, రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథ ఆలయ నిర్మాణాన్ని మొదలుపెట్టింది కూడా ఆయనే. సింహాచలం గుడి నేటి రూపం దిద్దుకున్నది గంగుల కాలంలోనే. అందుకే కోణార్క్ వెళ్ళేముందు ముఖలింగంలో మధుకేశ్వరుణ్ణి, సింహాచలంలో అప్పన్న గుడి గోడల్ని నింపాదిగా చూసి వెళ్ళడం మేలు. చిన్న గర్భగుడి మీద గుండ్రంగా లేచిన శిఖరం ముఖలింగంలో కనిపిస్తుంది. ఆ పద్ధతే కోణార్క్‌లో ఆకాశమంత ఎత్తుకు పెరిగింది. గోడల మీది లతలూ నాట్యకత్తెలూ సింహాల వరసలూ ఒకే శిల్పి కుటుంబానికి చెందిన పిల్లల్లా ఉంటాయి.

ఆలయం మొత్తం సూర్యుడి రథం. రెండు వైపులా కలిపి 24 చక్రాలు, ముందు ఏడు గుర్రాలు. ఒక్కో చక్రం సుమారు మూడు మీటర్ల ఎత్తు. చాలామంది చక్రం ముందు ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. కాసేపు ఆగి ఆకుల్ని, ఇరుసును దగ్గరగా చూడాలి. ఇరుసు చివర చీల కూడా చెక్కారు. ఆకుల నడుమ గుండ్రటి బిళ్ళల్లో ఇంటి పనులు, వేట, శృంగారం కనిపిస్తాయి. అడుగు పట్టీ వెంట ఏనుగుల బారు సాగిపోతుంటుంది. ఒకచోట రాజు ముందుకు తెచ్చిన పొడవు మెడ జంతువును జిరాఫీగా గుర్తిస్తారు. ఆనాటి సముద్ర వర్తకానికి అదొక ఆనవాలు.

ఇక రాయి సంగతి. ఆలయంలో ఎక్కువ భాగం ఖోండలైట్. ద్వారబంధాలకూ మూడు దిక్కుల సూర్య విగ్రహాలకూ ఆకుపచ్చ ఛాయ ఉన్న క్లోరైట్ వాడారు. పునాదిలోనూ గోడల లోపలా లాటరైట్ ఉంది. విశాఖకు ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండలు, సింహాచలం వరస అన్నీ ఖోండలైట్ కొండలే. తూర్పు కనుమల్లో నివసించే ఖోండుల పేరు మీదుగానే భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిని పిలుస్తారు. ఇందులో ఎర్రని గార్నెట్ గింజలు ఉంటాయి. గాలికీ తేమకూ ఆ రాయి తుప్పురంగుకు తిరిగి పొడిగా రాలుతుంది. శిల్పికి ఉలి తేలిగ్గా దిగే ఈ గుణమే గుడికి శాపమైంది. ఉప్పుగాలికి కోణార్క్ శిల్పాల ముక్కులు, వేళ్ళు అరిగిపోయాయి. పెద్ద శిఖరం ఎప్పుడో కూలిపోయింది. మిగిలిన జగన్మోహన మండపం కూడా పడిపోతుందన్న భయంతో 1903లో బ్రిటిష్ ప్రభుత్వం లోపలంతా ఇసుకతో నింపి తలుపులు మూసేయించింది. అందువల్ల లోపలికి వెళ్ళే వీలు లేదు. ఉదయం ఎండ ముఖద్వారం మీద పడే వేళ శిల్పాలు బాగా తేలి కనిపిస్తాయి. డిసెంబరు మొదటి వారంలో ఇక్కడ నాట్యోత్సవం జరుగుతుంది.

హంపి, రామప్ప, చోళుల గుళ్ళు

విజయనగర రాజధాని హంపి 1986లో జాబితాకెక్కింది. విశాఖ మీదుగా వాస్కోడగామా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ హోసపేటలో దించుతుంది. అక్కడి నుంచి 13 కిలోమీటర్లు. కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తరలించి, దానికోసం కృష్ణాలయం కట్టించి 1515లో శాసనం వేయించాడు. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అదే కళింగ దండయాత్రలో రాయలు సింహాచలం వచ్చి అప్పన్నకు నగలు సమర్పించాడు. పొట్నూరులో జయస్తంభం నాటించాడు. సింహాచలం శాసనాలు చదివి హంపికి వెళ్ళినవారికి ఆ రాళ్ళగుట్టల మధ్య అంతా కొత్తగా ఏమీ ఉండదు. విఠలాలయంలోని రాతిరథానికి కోణార్కే ప్రేరణ అనే మాట ప్రచారంలో ఉంది. అది ఊహే తప్ప శాసనాధారం ఉన్న సంగతి కాదు.

హంపి చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆనెగొంది దగ్గర తుంగభద్ర మీద వంతెన కట్టడం మొదలుపెట్టినందుకు 1999లో యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల పట్టికలో చేర్చింది. 2006లో గానీ అందులోంచి బయటపడలేదు.

తెలుగు రాష్ట్రాల్లో గుర్తింపు పొందిన ఒకే ఒక్క స్థలం ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి. 2021 జూలై 25న ‘కాకతీయ రుద్రేశ్వర ఆలయం’ పేరుతో ఎంపికైంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. నీటి మీద తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం, ఇసుక నింపిన పునాది, ఎర్ర ఇసుకరాతి గోడల మీద నల్లరాతి మదనికలు దీని విశేషాలు. ఆ మదనికల ఒంటి మీద నగల నీడలు కూడా చెక్కి చూపిన పనితనం మరెక్కడా అంత సులువుగా దొరకదు. మొదట తాత్కాలిక జాబితాలో వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప మూడూ కలిసి ఉండేవి. చివరకు ఒక్క రామప్పకే పట్టం కట్టారు. అదీ తేలిగ్గా రాలేదు. మరింత సమాచారం కావాలంటూ ఐకోమోస్ వాయిదా సూచించింది. కమిటీలో సభ్యదేశాలు మద్దతిచ్చాక నిర్ణయం మారింది. విశాఖలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే వరంగల్ చేరుస్తుంది. అక్కడి నుంచి బస్సులోనో కారులోనో వెళ్ళొచ్చు.

తంజావూరు, గంగైకొండ చోళపురం, దారాసురం ఆలయాలు ఒకే పేరు కింద జాబితాలో ఉన్నాయి. నన్నయను పోషించిన రాజరాజ నరేంద్రుడి కొడుకే చోళ సింహాసనమెక్కిన మొదటి కులోత్తుంగుడు. విశాఖకు కులోత్తుంగ చోళ పట్టణమనే పేరు కూడా శాసనాల్లో ఉంది. గంగైకొండ చోళపురంలో కళింగం నుంచి యుద్ధంలో తెచ్చిన ఎర్ర ఇసుకరాతి విగ్రహాలు నేటికీ పూజలందుకుంటున్నాయి.

పట్టాలూ కొలుములూ

రైల్వే పేటలో పుట్టినవారికి పర్వత రైళ్ళ గొప్పతనం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 1881లో నడిచిన డార్జిలింగ్ రైలు 1999లో ప్రపంచ వారసత్వమైంది. రెండడుగుల వెడల్పు పట్టాల మీద అది ఉచ్చులు తిరుగుతూ, ఒక్కోచోట ముందుకూ వెనక్కూ నడుస్తూ కొండెక్కుతుంది. 2005లో నీలగిరి, 2008లో కాల్కా-సిమ్లా దానికి తోడయ్యాయి. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల నీలగిరి దారిలో వాలు మరీ నిటారుగా ఉన్నచోట పట్టాల నడుమ పళ్ళచట్రం ఉంటుంది. ఇంజను కింది పళ్ళచక్రం దాన్ని కరుచుకుని పైకి పాకుతుంది. విశాఖ నుంచి బొకారో ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు దాకా వెళ్ళి అక్కడి నుంచి మేట్టుపాళయం చేరొచ్చు. ఆస్ట్రియాలోని సెమ్మరింగ్ కొండదారి 1998లోనే గుర్తింపు పొందింది. రైలు మార్గాల్లో అదే మొదటిది.

మన కొత్తవలస-కిరండూల్ లైను ఈ పట్టికలో లేదు. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేసిన దారి ఇది. తూర్పు కనుమల్లో సొరంగాల వెంట సొరంగాలు తొలిచి వేసిన ఆ బ్రాడ్‌గేజ్ పట్టాల మీద అరకు దాకా వెళ్ళే ప్రయాణికుడు, డార్జిలింగ్ వెళ్ళినా చేతులు కట్టుకుని నిలబడాల్సిన పనిలేదు.

ఆ రాయిని కరిగించి బతికిన జపాన్ కూడా తన కొలుములను వారసత్వంగా నమోదు చేయించుకుంది. 2015లో గుర్తింపు పొందిన మెయిజీ పారిశ్రామిక స్థలాల్లో 1901లో పని మొదలుపెట్టిన యవాటా ఉక్కు కర్మాగారం ఒకటి. ఆవరణ ఇంకా కర్మాగారంలో భాగమే కాబట్టి సందర్శకులు పాత కార్యాలయ భవనాన్ని దూరం నుంచి వేదికనెక్కి చూడాలి. ఈ స్థలాల్లో కొన్నింట యుద్ధకాలంలో కొరియన్లతో బలవంతంగా పని చేయించారు. ఆ చరిత్రను అక్కడ సరిగా చెప్పడం లేదని కొరియా ఇప్పటికీ నిలదీస్తోంది.

ఉక్కు నగరం వాళ్ళు వీలుంటే జర్మనీలోని వోల్క్‌లింగెన్‌కు వెళ్ళాలి. 1873లో మొదలైన ఆ ఇనుప కర్మాగారం 1986లో ఆగిపోయింది. కూల్చి తుక్కుగా అమ్మేయకుండా బ్లాస్ట్ ఫర్నేసులు, కోక్ ఓవెన్లు, గాలిని ఊదే యంత్రాల హాలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు నిలిపారు. 1994లో యునెస్కో గుర్తించింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో ఉద్యమించి తెచ్చుకున్న కర్మాగారం మనది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని దాని ఫర్నేసులకు పేర్లు పెట్టుకున్నాం. అక్కడ షిఫ్టులు చేసినవారికి వోల్క్‌లింగెన్‌లో గైడు అవసరం ఉండదు. గొట్టం ఏది ఎక్కడికి పోతుందో వాళ్ళే పక్కవాళ్ళకు చెప్పగలరు.

భిక్షువులు, డచ్చివాళ్ళు, బర్మా

సాంచీ పెద్ద స్తూపం దక్షిణ తోరణం మీద ఒక శాసనం ఉంది. శాతకర్ణి మహారాజు శిల్పుల నాయకుడు ఆనందుడు చేయించిన దానమని దాని సారం. శాతవాహనుల పనివాడి పేరు రెండువేల ఏళ్ళుగా అక్కడ నిలిచింది. ఆ కాలంలోనే మన తీరం వెంట తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ మీద విహారాలు వెలిశాయి. తొట్లకొండలో రోమన్ నాణేలు దొరికాయి. నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేదని శాసనం చెబుతోంది. అమరావతి శిల్పశైలి శ్రీలంక దాకా వెళ్ళింది. 1982లో జాబితాకెక్కిన అనురాధపురం మ్యూజియంలోని పాలరంగు సున్నపురాతి శిల్పాలను చూస్తే గుంటూరు మ్యూజియం గుర్తుకు రాకమానదు.

ఇండోనేషియాలోని బోరోబుదూర్ 9వ శతాబ్ది కట్టడం. తొమ్మిది అంతస్తులు, 504 బుద్ధ విగ్రహాలు, పైన చిల్లుల గంటల్లాంటి 72 స్తూపాలు. గోడల మీది శిల్పాల్లో ఓడలను తప్పక చూడాలి. బంగాళాఖాతం దాటే పడవల తీరు వాటిలో కనిపిస్తుంది. రాళ్ళు అరిగిపోతున్నాయని ఇప్పుడు రోజుకు పరిమిత సంఖ్యలోనే పైకి ఎక్కనిస్తున్నారు. ఎక్కేవాళ్ళకు ప్రత్యేకమైన చెప్పులు ఇస్తారు. ముందుగా టికెట్ తీసుకోకుండా వెళ్తే కింద నుంచి చూసి రావాల్సి వస్తుంది.

భీమిలిలో డచ్చివారి సమాధులు చూసినవారు శ్రీలంకలోని గాలె కోటకూ మలేషియాలోని మలక్కాకూ వెళ్తే కథ ముందుకు సాగుతుంది. మన తీరంలో నేసిన బట్టలు కొని తూర్పు దీవుల్లో మసాలా దినుసులకు మార్చిన డచ్చి కంపెనీ ఈ మూడు చోట్లా ఒక్కటే. 1988లో గాలె, 2008లో మలక్కా గుర్తింపు పొందాయి. భీమిలి ఆ వర్తకంలో వాటికి తోడున్న రేవే. దాని పాత కట్టడాలు మాత్రం ఏటికేడాది తరిగిపోతున్నాయి.

కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పని చేయడానికి ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా వెళ్ళినవారిలో ఎందరో 1942లో జపాన్ దాడి సమయాన కాలినడకన అడవులు దాటి వచ్చారు. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మిగిలినవారిలోనూ చాలామంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. ఆ ఇళ్ళలోని ముసలివాళ్ళు చెప్పే ఐరావతి నది ఒడ్డునే బగాన్ ఉంది. 11-13 శతాబ్దాల్లో లేచిన వేలాది ఇటుక గుళ్ళు, స్తూపాలు మైదానమంతా పరుచుకుని ఉంటాయి. 2019లో జాబితాలో చేరింది. 2021 సైనిక కుట్ర తర్వాత ఆ దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. శాంతి నెలకొనేదాకా ఈ యాత్ర వాయిదా వేసుకోవడమే మంచిది.

అప్రవాసీ ఘాట్: పదహారు మెట్లు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో, 2006లో జాబితాకెక్కిన అప్రవాసీ ఘాట్ చూడ్డానికి చాలా చిన్నది. తాజ్‌మహల్ చూసిన కళ్ళకు ఇక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. కొన్ని రాతి గదులు, ఆసుపత్రి గోడలు, వంటశాల ఆనవాళ్ళు, రేవు నుంచి పైకి వచ్చే 16 రాతి మెట్లు. అంతే. కానీ విశాఖవాసి విదేశంలో ఒక్క వారసత్వ స్థలమే చూడగలిగితే నేను ఇక్కడికే వెళ్ళమంటాను.

బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావలసివచ్చి బ్రిటిష్‌వారు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకువెళ్ళారు. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి 36 మంది ‘అట్లాస్’ ఓడలో దిగారు. 1920 దాకా దాదాపు 4 లక్షల 60 వేల మంది ఈ దీవికి చేరారు. ఎక్కువమంది బీహారు వైపువాళ్ళు. కోరంగి రేవు నుంచి, విశాఖ, గంజాం తీరాల నుంచి ఎక్కిన తెలుగువాళ్ళూ వేలల్లో ఉన్నారు. కరువు, అప్పులు, మేస్త్రీల మాయమాటలు వాళ్ళను ఓడెక్కించాయి. దిగినవారిని ఈ ఘాట్‌లోనే లెక్క చూసి, వైద్యుడికి చూపించి, ఒక్కొక్కరికీ ఒక నంబరు వేసి, రెండు రోజుల్లో తోటలకు పంచేవారు. ఈ మెట్లు ఎక్కిన క్షణం నుంచి మనిషికి ఆ నంబరే గుర్తు. రాసేవాడికి తెలుగు రాదు. అప్పయ్య, సింహాద్రి వంటి పేర్లు అతనికి వినిపించినట్టుగా పుస్తకంలోకి ఎక్కి, ఆ వంకర స్పెల్లింగులతోనే ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. ఆ రిజిస్టర్లు, తర్వాతి కాలంలో తీసిన ఫొటోలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. పూర్వీకుల వివరాలు వెతుక్కునేవారు అక్కడికే వెళ్తారు.

మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. అక్కడి తెలుగువాళ్ళు రామభజన చేస్తారు, అమ్మోరి పండగ చేస్తారు, సింహాద్రి అప్పన్నకు పూజలు చేస్తారు. ఓడలో వెంట తీసుకుపోవడానికి ఏ ఆస్తీ లేనివాళ్ళు కొండ మీది దేవుడి పేరు తీసుకువెళ్ళి ఇన్ని తరాలుగా నిలబెట్టుకున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ దీవిలోనే. ఘాట్ సందర్శన ఉచితం. పక్కనే ఉన్న ప్రదర్శనశాలలో ఓడల నమూనాలు, కూలీల పత్రాలు ఉంటాయి. ముందు అవి చూసి ఆ తర్వాత మెట్ల దగ్గరికి వెళ్తే బాగుంటుంది. ఫిజీలో 2013లో గుర్తింపు పొందిన లెవుకా పట్టణానిది కూడా ఇలాంటి చరిత్రే. 1879లో ‘లియోనిడాస్’ ఓడ ఫిజీకి తొలి భారతీయ కూలీలను తెచ్చింది అక్కడికే.

ఎర్రమట్టి దిబ్బలు

జాబితాలో పేరు లేకపోయినా ఆంధ్రప్రదేశ్ చేతులు ముడుచుకుని లేదు. లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో దేశపు తాత్కాలిక జాబితాలో చేరాయి. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలు, ఎర్రమట్టి దిబ్బలు ప్రకృతి విభాగంలో చేరాయి. కంచరపాలెం వాళ్ళకు ఈ చివరిది పూటలో చూసి రాగల దూరం. రైల్వేస్టేషన్ నుంచి భీమిలి వెళ్ళే 900కె సిటీబస్సు ఎక్కి, రుషికొండ దాటాక తీరం వెంట దిగితే చాలు.

ఇవి మట్టి గుట్టలని పేరేగానీ నిజానికి గట్టిపడిన ఇసుక. చివరి మంచుయుగంలో, సుమారు 20 వేల ఏళ్ళ కిందట, సముద్రం చాలా దూరం వెనక్కి తగ్గింది. బయటపడిన నేల మీది ఇసుకను గాలి ఎగరేసి తీరాన కుప్పపోసింది. కొండల ఖోండలైట్ అరిగి గెడ్డలు మోసుకొచ్చిన గింజలే ఆ ఇసుక. అందులోని ఇనుము తుప్పు పట్టి దిబ్బలన్నీ ఎర్రబారాయి. కోణార్క్ చక్రాన్ని తిన్నది, ఈ దిబ్బలకు రంగు పూసింది ఒకే మార్పు. వానలు ఆ దిబ్బలను కోసి లోతైన పాయలు చేశాయి. దిబ్బ గోడ దగ్గర నిలబడి చూస్తే పొరలు పొరలుగా ఎరుపు, పసుపు ఛాయలు కనిపిస్తాయి. చెట్ల వేర్లు పోయిన చోట గొట్టాల్లా గట్టిపడిన ఇసుక బయటికి పొడుచుకు వస్తుంది. చేత్తో నులిమితే గార్నెట్ మెరుపులు వేళ్ళకు అంటుతాయి. పాతరాతియుగం మనుషులు చెక్కిన చిన్న రాతి పనిముట్లు ఈ పరిసరాల్లో దొరికాయి. ఇలాంటి ఎర్ర ఇసుక తిన్నెలు దక్షిణాసియాలో తమిళనాడు దక్షిణ తీరంలోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయి.

2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. అయినా బెడద తగ్గలేదు. దిబ్బల అంచులు లేఅవుట్లకు తరిగాయి, మట్టి లారీల్లో తరలిపోయింది, సినిమా షూటింగులకూ పిక్నిక్కులకూ పాయలు తొక్కిడిపాలయ్యాయి. 2024లో పరిసరాల్లో యంత్రాలతో నేల చదును చేయడం పెద్ద వివాదమై, జనం, శాస్త్రజ్ఞులు గొంతెత్తాక ఆగింది. వర్షపునీరు పోయే దారి ఒక్కచోట మారినా దిబ్బల రూపమే మారిపోతుంది. ఒకసారి కూలిన గోడను తిరిగి కట్టే శిల్పి ఎవరూ లేరు.

ఇలాంటి రక్షణకు మనకు పాత అనుభవం ఉంది. 1960లలో అస్వాన్ ఆనకట్ట నీళ్ళలో మునగబోయిన అబూ సింబెల్ గుళ్ళను ఈజిప్టులో బండలుగా కోసి 65 మీటర్ల ఎత్తుకు చేర్చారు. అసలు ప్రపంచ వారసత్వం అనే ఆలోచన పుట్టిందే ఆ పని నుంచి. అంతకుముందే, 1954-60 మధ్య, నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగే నాగార్జునకొండ లోయను మనవాళ్ళు గజం గజం తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీద తిరిగి నిలబెట్టారు. గుళ్ళను అలా ఎత్తి పెట్టగలిగాం. ఇసుక దిబ్బను ఎత్తి మరోచోట పెట్టలేం. అందుకే ఇక్కడ చేయాల్సిన పని ముందు నేల మీద ఉంది. సర్వే చేసి సరిహద్దు రాళ్ళు పాతాలి, చుట్టూ కట్టడాలు రాని మండలం ప్రకటించాలి, గెడ్డల దారులు మూయకుండా చూడాలి, సందర్శకులకు నడక దారి ఒక్కటే ఉంచాలి. ఐయూసీఎన్ నిపుణులు వచ్చినప్పుడు అడిగేవి ఇవే. చూడ్డానికి వెళ్ళేవారు దిబ్బల అంచుల మీదికి ఎక్కకుండా పాయల అడుగునే నడవాలి. గోడల మీద పేర్లు చెక్కకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పూట ఎండ తక్కువగా, రంగులు స్పష్టంగా ఉంటాయి. వానాకాలంలో గోడలు జారిపడే ప్రమాదం ఉంది కాబట్టి ఆ నెలల్లో లోపలికి దిగకూడదు.